విశాఖపట్నం డేటాబేస్ నిర్వాహకులకు బహిరంగ లేఖ: ముందు నకలు, తర్వాతే మరమ్మతు

విశాఖపట్నంలో సహకార సంఘాలకు, ఆసుపత్రులకు, పాఠశాలలకు, దుకాణాలకు డేటాబేస్ సర్వర్లు ఏర్పాటు చేసి, ఏటేటా నిర్వహణ ఒప్పందాలు చేసుకుంటున్న సాంకేతిక నిపుణులకు, ఆ ఒప్పందాలపై సంతకాలు చేస్తున్న సంస్థల పెద్దలకు,

నమస్కారం.

నేను గాజువాక ప్రాంతంలోని ఒక చిన్న పొదుపు, పరపతి సంఘంలో లెక్కల విభాగం చూస్తున్నాను. కంప్యూటర్ శాస్త్రం చదివిన దానిని కాను. అయితే మా సంఘంలో సర్వర్ అప్‌గ్రేడ్ చేసిన మూడో రోజున సభ్యుల ఖాతాల టేబుల్ ఒకటి మా కళ్లెదుటే ఖాళీ అయిపోవడం చూసిన తర్వాత, అది ఎందుకు జరిగిందో, ఎలా జరగకుండా ఉండేదో తెలుసుకోవాలనే పట్టుదలతో రెండేళ్లుగా ఈ విషయం చదువుతున్నాను, పాత కంప్యూటర్ ఒకటి ఇంట్లో పెట్టుకుని ప్రయోగాలు చేస్తున్నాను. ద్వారకానగర్‌లోనో, డాబాగార్డెన్స్‌లోనో కార్యాలయం పెట్టుకుని, ఒకే రోజున నాలుగు చోట్లకు బండి మీద తిరుగుతూ పనిచేసే మీ కష్టం నాకు తెలియనిది కాదు. మీలో ఎవరినీ వేలెత్తి చూపడానికి ఈ లేఖ రాయడం లేదు. మాకు జరిగినది మరొక సంఘానికి జరగకూడదనే రాస్తున్నాను.

మా సాఫ్ట్‌వేర్ పాతది. దాని కింద ఉన్న మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రామ్ కూడా పాతదే. టేబుళ్లన్నీ మైఐసామ్ అనే పాత నిల్వ పద్ధతిలో ఉండేవి. 2010 చివరలో వచ్చిన 5.5 వెర్షన్ నుంచి ఇన్నోడీబీ అనే మరొక నిల్వ పద్ధతే అప్రమేయ (డిఫాల్ట్) పద్ధతి అయినప్పటికీ, అంతకు ముందు కట్టిన టేబుళ్లను ఎవరూ మార్చలేదు. ఒక శనివారం సాయంత్రం కౌంటర్ మూసిన తర్వాత మా నిర్వహణ సంస్థ నుంచి వచ్చిన యువకుడు అదే యంత్రం మీద కొత్త వెర్షన్ ఎక్కించి వెళ్లారు. పాత సర్వర్ ప్రోగ్రామ్ ఎంతసేపటికీ ఆగకపోవడంతో దానిని బలవంతంగా ముగించారన్న సంగతి మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. సోమవారం ఉదయం పది గంటలకు మొదటి పాస్‌బుక్ అందుకుని ఖాతా తెరవబోతే, టేబుల్ చెడిపోయినట్లు గుర్తు పడి ఉందనీ, మరమ్మతు చేయాలనీ తెర మీద 145 అనే సంఖ్యతో ఒక సందేశం కనిపించింది.

ఫోన్ చేస్తే రిపేర్ టేబుల్ అనే ఆదేశం ఇవ్వమన్నారు. ఇచ్చాము. గంట గడిచినా తెర మీద ఏ కదలికా లేదు. కౌంటర్ ముందు జనం పెరిగారు. కేజీహెచ్‌లో భర్తను చేర్పించి, పొదుపు సొమ్ము తీసుకోవడానికి ఆటోలో వచ్చిన ఒక సభ్యురాలు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. కార్యదర్శి గారు మళ్లీ ఫోన్ చేస్తే, ఆ ఆదేశం ఇరుక్కుపోయి ఉంటుంది, సర్వర్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టండి అన్నారు. అలాగే చేశాము. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, ఎర్రర్ కూడా లేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాము. క్యాషియర్ గారు ఒక డిపాజిట్ నమోదు చేశారు. ఆ తర్వాత ఖాతా లెడ్జర్ తెరిచి చూస్తే అందులో ఆ ఒక్క డిపాజిట్ తప్ప మరేమీ లేదు.

చివరి బ్యాకప్ పన్నెండు రోజుల కిందటిది. ఆ పన్నెండు రోజుల రశీదులు, వోచర్లు, దినవహి కాగితాల మీద ఉన్నాయి కనుక మేము ముగ్గురం మూడు రాత్రులు కూర్చుని మళ్లీ ఎక్కించగలిగాము. కాగితం లేకుండా నడిచే సంస్థ అయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ రోజు ఉదయం మా లెడ్జర్‌లో ఒక్క వరుస కూడా పోలేదు. మైఎస్‌క్యూఎల్ 8.0కు ముందటి వెర్షన్లలో మైఐసామ్ పద్ధతిలోని ప్రతి టేబుల్‌కూ మూడు ఫైళ్లు ఉంటాయి: ఎఫ్‌ఆర్‌ఎం అనేది టేబుల్ నిర్మాణాన్ని, ఎంవైడీ అనేది వరుసలను, ఎంవైఐ అనేది ఇండెక్స్‌ను, అంటే వరుసలను త్వరగా వెతికే సూచికను, దాచుకుంటాయి. ఇండెక్స్ ఫైల్ మొదట్లోనే, ఈ టేబుల్‌ను ఎంతమంది తెరిచి ఉంచారో చెప్పే ఒక చిన్న లెక్క ఉంటుంది. సర్వర్‌ను సక్రమంగా ఆపినప్పుడు ఆ లెక్క సున్నాకు చేరుతుంది. బలవంతంగా ఆపితే చేరదు. తెరిచిన తలుపు వేయకుండా ఎవరో వెళ్లిపోయారని కొత్త సర్వర్ గమనించి హెచ్చరిస్తుంది. అది పెద్ద వ్యాధి కాదు. లోపలి వరుసలు చాలాసార్లు చెక్కు చెదరకుండా ఉంటాయి, ఇండెక్స్‌ను తిరిగి కట్టుకుంటే సరిపోతుంది. నేను ఇంట్లో ఇదే పరిస్థితిని పదే పదే కల్పించి చూశాను, ప్రతిసారీ వరుసలు తిరిగి వచ్చాయి.

మరి మా వరుసలు ఎక్కడికి పోయాయి? మరమ్మతు సగంలో ఆగిపోవడమే దానికి కారణం. రిపేర్ టేబుల్ నడుస్తుండగా సర్వర్ ఆగిపోతే, తిరిగి మొదలైన వెంటనే, మరే పనీ చేయకముందే, అదే ఆదేశాన్ని మళ్లీ ఇచ్చి తీరాలని మైఎస్‌క్యూఎల్ అధికారిక మార్గదర్శకంలో స్పష్టంగా రాసి ఉంది. ఎందుకంటే ఆ స్థితిలో, డేటా ఫైల్ గురించి ఏమీ తెలియని శుభ్రమైన కొత్త ఇండెక్స్ ఒకటి మిగిలిపోవచ్చు. ఆ తర్వాత చేసే మొదటి నమోదు పాత వరుసల మీదనే రాసేయవచ్చు. మా క్యాషియర్ గారు నమోదు చేసిన డిపాజిట్ సరిగ్గా అదే చేసింది. ఎర్రర్ లేకుండా తెరుచుకున్న ఆ క్షణాన్ని మేము విజయం అనుకున్నాము. నిజానికి అది ఎర్రర్ వచ్చిన క్షణం కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమైనది.

ఆ గంటసేపు మరమ్మతు ఇరుక్కుపోలేదు కూడా. ఇండెక్స్‌ను తిరిగి కట్టే పనిని సర్వర్ రెండు విధాలుగా చేస్తుంది. తాత్కాలిక ఫైళ్లకు చాలినంత చోటు ఉంటే వరుసలను క్రమబద్ధం చేసి త్వరగా కడుతుంది, లేకపోతే ఇండెక్స్‌లోని ఒక్కొక్క కీని (వెతకడానికి వాడే విలువను) విడివిడిగా చేర్చుకుంటూ అతి నెమ్మదిగా కడుతుంది. సర్వర్ అప్పుడు చేస్తున్న పనులను చూపే ప్రాసెస్ లిస్ట్ చూస్తే, అక్కడ రిపేర్ విత్ కీక్యాష్ అని ఉంటే రెండో దారిలో నడుస్తున్నదని అర్థం. ఆ ఒక్క మాట చూసి ఉంటే, ఇది నెమ్మదిగా నడుస్తున్నదే తప్ప ఆగిపోలేదని మాకు ఫోన్‌లో చెప్పడం సాధ్యమయ్యేది. కాబట్టి మరమ్మతుకు ముందు డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందో చూడటం, నడుస్తుండగా ప్రాసెస్ లిస్ట్ చూడటం మీ అలవాటులో భాగం కావాలని కోరుతున్నాను.

వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని ఒకటుంది, మా విషయంలో అది ఐదు నిమిషాల పని కూడా కాదు. సర్వర్‌ను ఆపి, ఆ మూడు ఫైళ్లను మరొక డిస్క్‌లోకి నకలు చేసుకుని ఉంటే, మరమ్మతు ఎన్నిసార్లు విఫలమైనా మేము మళ్లీ మొదటి స్థితికి వచ్చేవాళ్లం. చెడిపోయిన ఫైల్‌కు బ్యాకప్ ఎందుకని మీలో కొందరు నాతో అన్నారు. చెడిపోయినదన్న ఫైల్‌లోనే కదా ఆ పన్నెండు రోజుల లెక్కలూ ఉన్నవి! మిగిలిన ఒకే ఒక ప్రతి మీద ప్రయోగం చేయకూడదు. నకలును మరొక యంత్రానికి తీసుకుపోయి, అక్కడ మరమ్మతు చేసి, వరుసల సంఖ్యనూ మొత్తాలనూ పాత బ్యాకప్‌తో, దినవహితో సరిచూసిన తర్వాతే అసలు చోట పెట్టాలి.

మామూలు మరమ్మతు విఫలమైతే కొందరు వెంటనే యూజ్ ఎఫ్‌ఆర్‌ఎం అనే అదనపు మాట చేర్చి ప్రయత్నిస్తున్నారు. అది ఇండెక్స్ ఫైల్‌ను పూర్తిగా పక్కన పెట్టి పనిచేస్తుంది కనుక, అందులో మాత్రమే ఉండే వివరాలు, ముఖ్యంగా తనంతట తానే పెరిగే క్రమసంఖ్య ఎంత వరకు వచ్చిందన్న వివరం, పోతాయి. రశీదు సంఖ్యలకు ఆ క్రమాన్నే వాడుకునే సంఘాలకు ఆడిట్‌లో దాని పర్యవసానం ఏమిటో మీకు నేను చెప్పనవసరం లేదు. అది ఆఖరి ఉపాయమని మైఎస్‌క్యూఎల్ మార్గదర్శకమే హెచ్చరిస్తోంది.

అప్‌గ్రేడ్ తర్వాత కనిపించే ప్రతి ఎర్రర్‌నూ "టేబుల్ కరప్ట్ అయింది" అనే ఒకే మాటతో సరిపెట్టడం నాకు అత్యంత బాధ కలిగించే విషయం. ఆ మాట వినగానే యజమానులు భయపడతారు, భయపడినవారు తొందరపెడతారు, తొందరలో మీరు చేయకూడనిది చేస్తారు. 1459 సంఖ్యతో వచ్చే సందేశం టేబుల్ చెడిపోయిందని చెప్పదు. టేబుల్‌ను కొత్త వెర్షన్‌కు తగినట్లు తిరిగి కట్టాలని, లేదా డంప్ తీసి (డేటా అంతటినీ బయటి ఫైల్‌లోకి రాసుకుని) మళ్లీ ఎక్కించాలని చెబుతుంది. ఇండెక్స్ అనేది అక్షరక్రమంలో పేర్చిన నిఘంటువు లాంటిది. మన బడి వర్ణమాలలో 'క్ష' చివర ఉంటుంది, నిఘంటువులలో 'క' కింద ఉంటుంది. ఒక క్రమంలో పేర్చిన పుస్తకాన్ని మరొక క్రమం నేర్చినవాడి చేతిలో పెడితే, పదం అందులో ఉన్నా అతనికి దొరకదు. పుస్తకంలో పేజీలు చిరిగిపోయాయని అతను అంటే మనం ఒప్పుకోము. మైఎస్‌క్యూఎల్ 5.1.24లో జర్మన్ భాషకు చెందిన ఒక్క అక్షరం పోలికను మార్చినందుకే, ఆ క్రమంపై ఆధారపడిన పాత ఇండెక్స్‌లను మళ్లీ కట్టుకోవలసి వచ్చింది. పోస్ట్‌గ్రెస్ అనే మరొక డేటాబేస్ వాడేవారికి కూడా ఇదే అనుభవం ఉంది: లినక్స్‌లో భాగమైన జీలిబ్‌సీ అనే లైబ్రరీ 2018 నాటి 2.28 వెర్షన్‌లో అక్షరక్రమం మారడంతో, డేటాబేస్‌ను ముట్టుకోకుండా కేవలం లినక్స్‌ను కొత్త చేసినవారి ఇండెక్స్‌లు కూడా తప్పు జవాబులు చెప్పాయి, రీఇండెక్స్ చేసిన తర్వాతే కుదుటపడ్డాయి.

తెలుగు పేర్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే మన నగరంలోని చిన్న సంస్థల పాత సాఫ్ట్‌వేర్లలో చాలావాటిలో తెలుగు అక్షరాలు లాటిన్1 అనే అక్షరసమితిలో ఉన్న కాలమ్‌లలో నిల్వ ఉన్నట్లు నేను చూశాను. అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే యూటీఎఫ్8 పద్ధతిలో తెలుగు అక్షరరూపం ప్రతిదీ మూడు బైట్లు తీసుకుంటుంది. 'సింహాచలం' అనే పేరులో స, గుడి, సున్న, హ, దీర్ఘం, చ, ల, సున్న కలిపి ఎనిమిది రూపాలున్నాయి కనుక 24 బైట్లు అవుతుంది. లాటిన్1 కాలమ్ వాటిని 24 విడివిడి ఐరోపా అక్షరాలుగా లెక్కించి దాచుకుంటుంది. చదివేటప్పుడు కూడా సాఫ్ట్‌వేర్ అదే లాటిన్1 దారిలో చదివినంత కాలం తెలుగు సక్రమంగానే కనిపిస్తుంది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన మైఎస్‌క్యూఎల్ 8.0లో సర్వర్ అప్రమేయ అక్షరసమితి లాటిన్1 నుంచి, యూటీఎఫ్8 పూర్తి రూపమైన యూటీఎఫ్8ఎంబీ4కు మారింది. దానితో, అక్షరసమితి ఏదో స్పష్టంగా చెప్పకుండా సర్వర్‌కు అనుసంధానమయ్యే పాత సాఫ్ట్‌వేర్ ఒక్కసారిగా కొత్త దారిలో చదవడం మొదలుపెట్టవచ్చు, అప్పుడు సభ్యుల పేర్లన్నీ నెత్తిన గీతలున్న వింత అక్షరాలుగా మారిపోతాయి.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోమని చేతులు జోడించి అడుగుతున్నాను. పేరు స్థానంలో వింత ఐరోపా అక్షరాలు కనిపిస్తే, బైట్లు ఉన్నాయి, తెలుగు తిరిగి వస్తుంది. ప్రశ్నార్థక చిహ్నాలు కనిపిస్తే, వాటిని ఎవరో అలా రాసి నిల్వ చేసి ఉంటే, ఆ పేరు పోయినట్లే, బ్యాకప్‌లో తప్ప మరెక్కడా దొరకదు. లాటిన్1 కాలమ్‌లోకి కొత్త దారిలో తెలుగు పంపితే, కఠిన నియమాలు అమలులో ఉన్నప్పుడు సర్వర్ 1366 సంఖ్యతో తిరస్కరిస్తుంది. ఆ ఎర్రర్ చికాకుగా ఉందని నియమాలను సడలించినవారి సర్వర్‌లో అక్షరాలు నిశ్శబ్దంగా ప్రశ్నార్థకాలుగా మారిపోతాయి. వింత అక్షరాలు కనిపించిన మరుక్షణం నమోదులు ఆపివేయించాలి. తర్వాత నకలు మీద, ఆ కాలమ్‌ను ముందుగా బైనరీ రకానికి (బైట్లను ఉన్నవి ఉన్నట్లే దాచే రకానికి), ఆపైన యూటీఎఫ్8ఎంబీ4కు మార్చాలి. బైనరీ మెట్టు దాటవేసి నేరుగా మారిస్తే సర్వర్ ఆ వింత అక్షరాలనే నిజమైన పేర్లుగా నమ్మి వాటినే కొత్త రూపంలో భద్రపరుస్తుంది. పాత టేబుల్‌కూ కొత్త టేబుల్‌కూ అక్షరక్రమం కుదరలేదని చెప్పే 1267 ఎర్రర్‌ను కూడా కొందరు చెడిపోవడం కింద జమ కడుతున్నారు. దానికి మరమ్మతుతో పనే లేదు.

ఇన్నోడీబీ టేబుళ్లకు రిపేర్ టేబుల్ ఆదేశం పనిచేయదు. సర్వర్ అసలు లేవకపోతే ఇన్నోడీబీ ఫోర్స్ రికవరీ అనే అమరికను 1 నుంచి 6 వరకు పెంచుకుంటూ పోవచ్చు. కానీ అది డేటాను బయటికి డంప్ తీసుకోవడానికి ఇచ్చిన అత్యవసర ద్వారం. 4, ఆపై విలువలు డేటా ఫైళ్లను శాశ్వతంగా పాడుచేయగలవు. మొదటి ప్రయత్నంలోనే 6 పెట్టి చూసేవారిని నేను ఎరుగుదును, దయచేసి 1తో మొదలుపెట్టండి. బలవంతంగా ఆపిన 5.7 సర్వర్ మీద 8.0 ఎక్కిస్తే, క్రాష్ తర్వాత అప్‌గ్రేడ్ కుదరదని అది నిరాకరిస్తుంది. ఆ నిరాకరణ మీకు మేలు చేయడానికే. పాత వెర్షన్‌ను మళ్లీ లేపి, సక్రమంగా ఆపి, అప్పుడు ముందుకు వెళ్లండి. 8.0కు మారిన తర్వాత 5.7కు వెనక్కి రావడానికి అధికారికంగా దారి లేదు, మారకముందు తీసిన బ్యాకప్‌ను ఎక్కించుకోవడమే మార్గం. 5.6 నుంచి నేరుగా 8.0కు దూకడం కూడా కుదరదు, 5.7 మీదుగానే రావాలి.

మన ఊరికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకినప్పుడు రోజుల తరబడి కరెంటు లేని సంగతి మనందరికీ తెలుసు. అంత పెద్దది కాకపోయినా, వేసవి సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోవడం, యూపీఎస్ బ్యాటరీ పాతబడి రెండు నిమిషాలకే చేతులెత్తేయడం మనకు అలవాటే. మైఐసామ్ టేబుళ్లకు అలాంటి ప్రతి దెబ్బా తగులుతుంది, అయినా ఎవరూ తెరవని పాత సంవత్సరాల టేబుల్‌లో ఆ గాయం ఏళ్ల తరబడి బయటపడదు. అప్‌గ్రేడ్ రోజున అన్ని టేబుళ్లనూ ఒకేసారి పరీక్షించినప్పుడు బయటపడి, నింద కొత్త వెర్షన్ మీద పడుతుంది. పాత వెర్షన్ మీదనే, పని మొదలుపెట్టక ముందే, టేబుళ్లను పరీక్షించే చెక్ టేబుల్ ఆదేశం నడిపి ఫలితాన్ని కాగితం మీద రాసుకుంటే ఏ గాయం ఎప్పటిదో తెలుస్తుంది, మీ మీద అనవసరమైన మాట రాదు. పూర్తి డంప్ తీయడం కూడా ఒక పరీక్షే, ఎందుకంటే అది ప్రతి వరుసనూ చదవక తప్పదు.

సంస్థల పెద్దలకు కూడా ఒక విన్నపం ఉంది, ఎందుకంటే తప్పంతా సాంకేతిక నిపుణులదే అనడం న్యాయం కాదు. ఆ సోమవారం వారిని తొందరపెట్టినది మేమే. అప్‌గ్రేడ్‌కు శనివారం సాయంత్రం మూడు గంటల సమయమే ఇచ్చినది మేమే. బ్యాకప్ డిస్క్ కొనడానికి కమిటీ సమావేశంలో రెండుసార్లు వాయిదా వేసినది కూడా మేమే. 5.7కు మద్దతు 2023 అక్టోబరుతో ముగిసింది, 8.0కు గడువు 2026 ఏప్రిల్. కాబట్టి అప్‌గ్రేడ్ వద్దని ఎవరూ అనలేరు. కానీ ఒప్పందంలో మీరు ఈ మాటలు రాయించుకోవాలి: పని మొదలయ్యే ముందు తీసిన బ్యాకప్‌ను వేరొక యంత్రం మీద ఎక్కించి, మీ గుమాస్తా ఎదుట ఒక ఖాతా తెరిచి చూపించాలి. ఎక్కించి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించకూడదు. మార్చి నెలాఖరు లెక్కల రోజుల్లో, డివిడెండ్ పంచే వారంలో ఈ పని పెట్టుకోకూడదు. ఎర్రర్ వస్తే ఆ రోజుకు కౌంటర్‌ను కాగితం మీద నడపడానికి మీరు సిద్ధంగా ఉండాలి. ఆ సంసిద్ధత లేకపోతే మీ నిపుణుడి మీద పడే ఒత్తిడిలోనే డేటా పోతుంది.

నిపుణులకు మరొక మాట. ప్రతి మార్పునూ వరుసగా రాసుకునే బైనరీ లాగ్‌ను నడుస్తూ ఉంచండి. మా సర్వర్‌లో అది ఆపివేసి ఉండేది, డిస్క్ నిండిపోతోందని ఎప్పుడో ఎవరో ఆపారట. అది ఉండి ఉంటే, పన్నెండు రోజుల కిందటి బ్యాకప్ ఎక్కించి, ఆ తర్వాతి నమోదులన్నిటినీ ఆ లాగ్ నుంచి సోమవారం ఉదయం వరకు తిరిగి నడిపించగలిగేవారు. మా మూడు రాత్రులు మిగిలేవి. ఆ లాగ్‌ను ఆపమని ఏ సంస్థ అడిగినా, ఆపే ముందు దాని ఉపయోగం ఏమిటో వారికి వివరించి, వారి సంతకం తీసుకోండి.

మీలో ఎవరైనా ఈ వేసవిలో ఏ సంఘంలోనైనా అప్‌గ్రేడ్ చేయబోతూ, మరమ్మతును ముందుగా నకలు మీద సాధన చేసి చూడాలనుకుంటే, మా కార్యాలయంలో పక్కన పెట్టిన పాత యంత్రం ఉంది. దాని మీద పేర్లు, మొత్తాలు మార్చిన ఒక నమూనా లెడ్జర్‌ను, 145 ఎర్రర్ వచ్చేలా ఉద్దేశపూర్వకంగా చెడగొట్టి ఉంచాను. రెండో శనివారం తప్ప ఏ శనివారమైనా మధ్యాహ్నం రెండు గంటల తర్వాత వచ్చి దానిపై పనిచేసుకోవచ్చు. కమిటీ అనుమతి తీసుకున్నాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఒక పొదుపు, పరపతి సంఘం లెక్కల విభాగం ఉద్యోగిని,
గాజువాక, విశాఖపట్నం.